దశరథం కుడి కన్ను

ఎడమ కంటి లెన్సు ఎప్పటిలాగే ఒక్కసారికే కూర్చుంది. కుడి కంటి లెన్సును చూపుడు వేలి కొన మీద నిలబెట్టుకుని దశరథం అద్దం మీదికి వంగాడు. శనగబద్ద కంటె కొంచెం పెద్దది, లేత నీలం రంగుది, గోరులా గట్టిది. ఎడమ చేత్తో పై రెప్ప ఎత్తిపట్టి వేలిని దగ్గరకు తెచ్చాడు. తగలగానే కన్ను చురుక్కుమంది. నీళ్లు ధారగా కారాయి. వేలు జారి లెన్సు కింద పళ్లెంలో పరిచిన తువ్వాల మీద పడింది.

మళ్లీ చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. వాసన లేని సబ్బుతో చేతులు కడగడం, నూగు రాలని పాత ధోతిగుడ్డతో తడి లేకుండా తుడుచుకోవడం, ఆ తర్వాతే డబ్బీ మూత తీయడం. విమానాశ్రయం దగ్గరి సాతంరాయిలోని ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో తెల్లవారుజామున స్టీలు పళ్లెం చప్పుడైతే సక్కుబాయికి మెలకువ వచ్చేది. ఇవాళ ఆమె అంతకుముందే లేచింది. చాయ గ్లాసుతో గుమ్మంలో నిలబడి మొగుడి ముఖమే చూస్తోంది.

"కన్ను మిరపపండు లెక్కయింది. ఇయ్యాల పెట్టుకోకు."

"జర దుమ్ము పడ్డది. పోతది."

"దుమ్ము పడితె రాత్రంత గట్ల పొర్లుతరా ఎవలన్న?"

రెండోసారి లెన్సు కూర్చుంది. రెప్ప మూస్తే కింద ఇసుక రేణువు దొర్లుతున్నట్టు ఉంది. చాయ సగమే తాగి, హెల్మెట్ పెట్టుకుని బండి తీశాడు.

దశరథానికి కళ్లజోడు పనిచేయదు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర గడియారం అద్దంలా గుండ్రంగా ఉండాలి. అతడికి పదిహేనో ఏట నుంచే అది పలచబడి ముందుకు మొనదేలుతూ వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. బోర్డు మీది అక్షరం మూడుగా కనిపించేది. పది తప్పాడు. నాలుగు జతల అద్దాలు మార్చినా చూపు కుదరకపోయేసరికి "సదువుకు దొంగేషాలు" అని బాపు తేల్చేశాడు. ఇరవై ఆరో ఏట శంషాబాద్‌లోని ఒక కంటి దవాఖానలో, అప్పుడే కొలువులో చేరిన మరియం అనే అమ్మాయి అతడి కంట్లో మొదటి గట్టి లెన్సు పెట్టింది. ఆ సాయంత్రం మహేశ్వరం దగ్గరి తన ఊరికి పోయి, అన్నం పెడుతున్న తల్లి ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఆమె గదవ మీది పచ్చబొట్టు ఒక మరక అనుకునేవాడు ఇన్నాళ్లూ.

"అవ్వా, మూడు చుక్కలా?"

"నువ్వు పుట్టకముందు సంది మూడే, బిడ్డా," అన్నది తల్లి.

ఆ చూపుతోనే లైసెన్సు తెచ్చుకున్నాడు. కొన్నాళ్లు టిప్పరు, కొన్నాళ్లు క్యాబు తోలాడు. విమానాశ్రయంలో బస్సు మీదికి వచ్చి పదమూడేళ్లయింది. గేటు దగ్గర ప్రయాణికుల్ని ఎక్కించుకుని విమానం దాకా తీసుకుపోవడం, వచ్చిన వాళ్లని తిరిగి గేటుకు చేర్చడం. మనిషికి మూడు నిమిషాల ప్రయాణం. ఎవరూ అతడి ముఖం చూడరు, అందరి చూపూ కిటికీల్లోంచి విమానాల మీదే. దశరథానికి అది హాయిగా ఉండేది. గీసిన గీత మీద, చెప్పిన వేగంతో, ఒక్క కుదుపు లేకుండా ఆపడంలో అతడికి తనకే తెలిసిన గర్వం ఒకటి ఉండేది.

లెన్సుల విషయంలో మొన్నటిదాకా తప్పు చేయలేదు. నిన్న చేశాడు. తోటి డ్రైవరు కొండల్ మరదలి పెళ్లని సెలవు పెట్టడంతో రెండు షిఫ్టులూ తనే నడిపాడు. పదహారు గంటలు కళ్లల్లో లెన్సులు అలాగే ఉన్నాయి. పొద్దుగూకే వేళ గాలిదుమారం లేచి కుడి కంట్లో ఏదో పడింది. గేటు దగ్గర జనం నిలబడి ఉన్నారు. లెన్సు తీసి, తాగే సీసాలోని నీళ్లతో కడిగి, మళ్లీ పెట్టేసుకున్నాడు. ఇంటికి చేరేసరికి ఒళ్లు తూలుతోంది. డబ్బీలో పొద్దుటి పాత మందునీళ్లు పారబోయకుండా లెన్సులు అందులోనే వేసి పడుకున్నాడు.

"నీళ్లు తాగనీకి, లెన్సుకు కాదు," అని మరియం ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "కన్ను ఎర్రగయిందా, ముందు తియ్యి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. అడిగి తీసుడు కాదన్నా, తీసి అడుగుడు."

ఇవాళ ఆ మాటలు చెవిలో మోగుతూనే ఉండగా బస్సెక్కాడు.

మొదటి రెండు ట్రిప్పులూ ఎలాగో గడిచాయి. మూడో ట్రిప్పుకు ఎండ వచ్చింది. తెల్లటి విమానాల మీద పడిన వెలుగు సూదుల్లా వచ్చి కుడి కంట్లో గుచ్చుకుంది. గేటు దగ్గర ఆగిన ప్రతిసారీ కిందికి దిగాడు, రెండడుగులు వేశాడు, మళ్లీ ఎక్కాడు. స్టీరింగ్ మీద వేళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. భోజనాల వేళ దాకా ఆగితే చాలు, తర్వాత తీసేద్దాం అనుకున్నాడు. ఆ మాట అరగంటకోసారి అనుకున్నాడు. ఇప్పుడు చెబితే పరీక్షలకు పంపుతారు. పరీక్షలో కన్ను తప్పితే విమానాశ్రయంలో బండి నడిపే పర్మిట్ పోతుంది. బస్సు లేకపోతే తను ఏం మనిషి? ఆ ప్రశ్న దగ్గరకు రాగానే మనసు పక్కకు తప్పుకునేది.

తొమ్మిదిన్నరకు ఒక విమానం దగ్గర జనాన్ని దించి ఖాళీ బస్సు తిప్పాడు. కుడి కన్ను తెరిస్తే మంట. మూసి, ఎడమ కంటితోనే గీత చూసుకుంటూ వస్తున్నాడు. కుడివైపు ముందు మూల నుంచి ఏదో తెల్లగా ఎగిరి అద్దానికి కొట్టుకుంది. బ్రేకు తొక్కాడు. బస్సు ఊగి ఆగింది.

రుక్కమ్మ. విమానాలు తిరిగే నేల మీద పడిన నట్లు, తీగముక్కలు ఏరే మనిషి. ఏరడానికి వంగి ఉందట. బస్సు అంచు తగిలి ఆమె చేతిలోని ప్లాస్టిక్ సంచి ఎగిరిపోయింది. చేతికీ బస్సుకీ మధ్య జానెడు జాగా కూడా లేదు. మెరిసే పచ్చ జాకెట్ తొడుక్కున్న మనిషి, పట్టపగలు, అతడికి కనిపించలేదు.

"ఏంది తమ్ముడూ, నిద్రపోతున్నవా?" అంటూ నవ్వబోయి, అతడి కన్ను చూసి ఆగింది రుక్కమ్మ. "అయ్యో, గదేం కన్ను!"

"అక్కా, తాకిందా?"

"నాకేం కాలే. నేను ఎవలకూ చెప్పను తియ్యి. పో, నీ గేటుకు ఆలస్యమైతది."

చుట్టూ చూశాడు. ఎవరూ ఇటు చూడలేదు. పోవచ్చు. ఒక్క క్షణం కాలు యాక్సిలరేటర్ మీద ఆడింది. బస్సును పక్కన నిలిపే చోటికి నడిచే వేగంతో తెచ్చి, ఇంజను ఆపేశాడు.

నేరుగా బాత్రూముకు పోయాడు. సబ్బుతో చేతులు కడిగి, కాగితంతో తుడుచుకుని, జేబులోని, లెన్సును పీల్చి పట్టే చిన్న రబ్బరు గొట్టం అంటించి కుడి లెన్సు తీశాడు. తర్వాత ఎడమది కూడా తీసి, రెంటినీ జేబులోని డబ్బీలో వేశాడు. లోకం కరిగిపోయి రంగుల ముద్దలయింది. గోడ పట్టుకుని ఆఫీసు గదికి నడిచాడు.

షిఫ్టు ఇన్‌ఛార్జి వీరేందర్ తల ఎత్తాడు. "ఏందన్నా, బండి ఖరాబా?"

"బండి మంచిగనే ఉంది సార్. నాకే కనవడ్తలేదు."

మెడలోంచి పర్మిట్ కార్డు తీసి, తాళంచెవులతో పాటు బల్ల మీద పెట్టాడు. వీరేందర్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"జ్వరమని సెలవు రాసియ్యన్నా. కన్నని రాస్తే మళ్ల మెడికల్‌కు పంపుతరు. అండ్ల పాసయినదాంక కార్డు రాదు."

"రాయుండ్రి సార్. ఇందాక రుక్కమ్మ జరంతల తప్పింది."

వీరేందర్ కూర్చుని కలం తీశాడు. రాశాడు. దశరథం వేలితో చోటు వెతుక్కుని సంతకం పెట్టాడు.

ఆఫీసు జీపు దించిపోయిన దవాఖానలో మరియం పరీక్ష యంత్రం మీద అతడి గదవ ఆనించి, లైటు వేసి చాలాసేపు చూసింది. ఆమె కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"ఎన్ని గంటలు పెట్టుకున్నవ్?"

"పదహారు."

"నీళ్లు తాకించినవా?"

తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతడికి. డబ్బీని మూతపెట్టి, లెన్సులతో సహా పరీక్షకు పంపాలని పక్కన ఉంచుకుంది. నల్లగుడ్డు మీద జొన్నగింజంత తెల్లటి పుండు పడిందని చెప్పి డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. పుండు మీద నుంచి కొద్దిగా గీకి పరీక్షకు తీశాడు. గంటగంటకూ చుక్కలు వేయాలన్నాడు.

"కన్ను నిలుస్తుందండీ. ఇంకో రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే ఆ మాట చెప్పేవాణ్ని కాదు. మచ్చ మాత్రం మిగులుతుంది."

"బండి నడపొచ్చునా సార్?"

డాక్టరు చేతితొడుగులు తీసి పక్కన పెట్టాడు. "పెద్ద బండి ఆశ వదులుకోండి," అన్నాడు.

సాయంత్రం సక్కుబాయి సెల్‌లో గంటగంటకూ అలారం పెట్టుకుంది. రెప్ప కిందికి లాగి చుక్క వేసేటప్పుడు ఆమె చేయి గట్టిగానే ఉంది. వేశాక మాత్రం గోడవైపు తిరిగింది. దశరథం మంచం మీద కూర్చోలేకపోయాడు, పడుకోలేకపోయాడు. ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా అతడి కుడి పాదం నేలను నొక్కుతోంది.

"పొద్దున్నే నీ మాట ఇనేదుండె," అన్నాడు.

"రుక్కమ్మ ఇంటికి మంచిగ పోయింది గద. గది సాలు," అన్నది సక్కుబాయి.

చీకటి పడుతుండగా కొండల్ ఫోన్ చేశాడు. "అన్నా, నా వల్లనే గద ఇదంత."

"నీ వల్ల ఏంది? నువ్వు పెండ్లికి పోయినవ్. నీళ్లతోని కడిగింది నేను."

"నీ బస్సు నాకిచ్చిండ్రు. సీటు మీద నీ మెత్త అట్లనే ఉంది. రేపు తెచ్చియ్యనా?"

దశరథం ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "ఉండనియ్యి. ఆ సీటుకు ఎడమ దిక్కు స్ప్రింగు పొడుస్తది. నడుము పోతది నీకు."

సక్కుబాయి పాత నీలం చీర మడతలు పెట్టి కుట్టిన మెత్త అది. అంచు దారం ఒకచోట ఊడి, నడుమ అతడు కూర్చున్న గుంట అలాగే ఉండి, లైట్లు వెలిగిన ఆ వేళ కొండల్ కింద నలుగుతూ గేటుకూ విమానానికీ మధ్య తిరుగుతూ ఉంది.