తాడు లాగే జనరేటర్

కొలబద్ద బావ మీద వెల్డరుకున్న కోపం ఇవాళ్టిది కాదు. చెల్లెలి మొగుడు కదా అని పైకి మర్యాద చేసేవాడే గానీ లోపల కుతకుతలాడేవాడు. బావ ఒక ఆఫీసులో లెక్కలు రాసి రిటైరయిన మనిషి. గోడకి మేకు కొట్టాలన్నా ముందు కొలిచేవాడు, అందుకే ఆ పేరు. చుట్టాలంతా కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నప్పుడు వెల్డరు నోరు తెరిచాడా, "ఏడో క్లాసులో బడి మానేసినవాడివి, నీకెందుకోయ్ ఇవన్నీ?" అనేసేవాడు. అందరూ నవ్వేవారు. వెల్డరూ నవ్వేవాడు, పళ్లు నూరుకుంటూ.

అలాంటి బావకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ముక్కుకి గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. అది కరెంటు మీద నడుస్తుంది. కరెంటేమో చెప్పాపెట్టకుండా పోతోంది. అవసరానికి ఒక చిన్న సిలిండరు ఉంది గానీ దాని ఊపిరి కాసేపే. బావ వెల్డర్ని పిలిపించి డబ్బు చేతిలో పెట్టాడు.

"మిషన్ల సంగతి నాకేం తెలుసోయ్? నువ్వే చూసి ఒక జనరేటర్ తీసుకురా."

ఇన్నేళ్లలో అతను అలా అనడం అదే మొదలు. వెల్డరు ఛాతీ ఇంత పొంగింది.

కొట్టువాడు అడిగాడు, "ఇంట్లోకా, పనికా?"

"ఇంట్లోకే. ఆక్సిజన్ మిషను, ఒక ఫ్యాను, ఒక లైటు."

"అయితే ఈ చిన్నది చాలండీ. చప్పుడు తక్కువ. తాళం తిప్పితే చాలు, స్టార్టయిపోద్ది."

వెల్డరు చూపు మూలనున్న పెద్దదాని మీద పడింది. "దాని మీద వెల్డింగ్ ఆడుతుందా?"

"గేట్లు చేసుకోవచ్చు. రేటు కూడా కాస్త తక్కువే. కాకపోతే తాడు లాగి స్టార్ట్ చేయాలి. గట్టి చెయ్యి ఉండాలి. ఇంట్లో లాగేవాళ్లున్నారా?"

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. బావ మంచం దిగలేడు. చెల్లెలికి కుడి భుజం పట్టేసి జడ వేసుకోవడానికే చెయ్యి లేవడం లేదు. అది వెల్డరుకి బాగా తెలుసు. కానీ కరెంటు ఇంకా రాని కొత్త ఇళ్ల దగ్గర గేట్ల పనులు ఒక్కొక్కటే చేజారిపోతున్నాయని కూడా తెలుసు. కరెంటున్న రోజుల్లో ఆ పెద్దది పెరట్లో ఊరికే పడుండేదేగా, తను పట్టుకెళ్లొచ్చు అనుకున్నాడు.

"ఉన్నారు," అన్నాడు.

జనరేటర్ని పెరట్లో, పొగ కిటికీలోంచి లోపలికి రాని చోట దించాడు. ఒక్క లాగు లాగితే ఇల్లంతా దద్దరిల్లింది.

"చూశావా? అంతే!"

"నన్నోసారి లాగనీ అన్నయ్యా."

"ఇప్పుడెందుకే, పెట్రోలు దండగ," అన్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం అతను నిచ్చెన మీద నిలబడి కిటికీకి గ్రిల్లు అతుకుతుండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కరెంటు పోయింది! ఇది స్టార్ట్ కావట్లేదు!"

"చోక్ లాగావా?"

"లాగాను. తాడే రావట్లేదు."

"రెండు చేతులా పట్టి లాగు!"

"లాగుతున్నానన్నయ్యా... భుజం... ఆయన సిలిండరు కూడా అయిపోవస్తోంది."

వెల్డరు నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలియదు. దారి పొడవునా స్కూటరు మీద తనని తాను తిట్టుకుంటూనే వచ్చాడు. వచ్చేసరికి పెరట్లో జనరేటర్ మోగుతోంది. పక్కింటి లారీ డ్రైవరు చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఇదేం జనరేటరండీ బాబూ, నాకే రెక్కలు ఊడొచ్చాయి. ఇది ఆవిడ లాగాలా?"

వెల్డరు తల వంచుకుని లోపలికి వెళ్లాడు. బావ పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి. చెల్లెలి అరచేతుల్లో చర్మం లేచిపోయింది.

"నాకే చేతకాలేదు అన్నయ్యా," అంది ఆమె. "నువ్వు అంత మంచిది తెచ్చిపెడితే..."

బావ కళ్లు తెరిచాడు. మాట మాటకీ ఆగుతూ, "మంచిదే తెచ్చావోయ్... నేనే చెబుదామనుకున్నా... మాకు పని లేనప్పుడు... నీ గేట్లకి పట్టుకెళ్లు," అన్నాడు.

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. నలుగురిలో నవ్వులపాలు చేసిన రోజుల్లో బావని లోలోపల తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇప్పుడు ఆ వీలు కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దదాన్ని ఆటో ఎక్కించి, కొట్టులో ఇచ్చేసి చిన్నది తెచ్చాడు. చెల్లెలి చేతికే తాళం ఇచ్చాడు. ఆమె కట్టు కట్టిన చేత్తో తిప్పింది. అది నెమ్మదిగా అందుకుంది. మళ్లీ ఆపించి, మళ్లీ తిప్పించాడు.

"అదేమైంది? ఎందుకు మార్చావు?"

"అది నా పని కోసం తెచ్చానే. నీ భుజం సంగతి తెలిసే తెచ్చాను."

ఆమె జనరేటర్ ఆపి, తాళం కొంగున ముడేసుకుంది.

"ఆయనతో అనకు," అంది. "నువ్వు తెచ్చావని ధైర్యంగా పడుకుంటున్నారు."

లోపల్నించి బావ గొంతు వినిపించింది. "మార్పిడికి ఎంతయిందోయ్? తేడా నేనిస్తా."

"ఏం కాలేదు బావా. తెలిసినవాడే, ఊరికే మార్చాడు."

పెద్దది వాడినదని కొట్టువాడు కోసింది, చిన్నదానికి పైన కట్టింది కలిపి వెల్డరుకి పోయింది పదకొండు వేల ఎనిమిది వందలు.