నల్లపొడికి పడని గాలి

“హాస్టల్ల పిల్లకు జరమొస్తే ఎవరు చూస్తరు?” అంది నాంచారమ్మ, ఎవరినీ అడగనట్టే.

జ్వరమూ లేదు, హాస్టలూ ఇంకా లేదు. కూతురు నిర్మలకు భద్రాచలంలో ఎనిమిదో తరగతిలో సీటొచ్చిందని నిన్న కబురు తెలిసింది, అంతే. నాంచారమ్మ చేతుల్లో మొగుడు జంపయ్య ప్యాంటు ఉంది. బూర్గంపాడు దగ్గరి కార్ఖానాలో అతను ఫిట్టరు. గొలుసులు సాఫీగా తిరగడానికి పూసే నల్లటి గ్రాఫైటు పొడి బట్టలకు అంటుకొస్తుంది. సబ్బు పెట్టినకొద్దీ వేళ్ళు జారిపోతాయి గానీ మరక కదలదు.

“పిల్ల పోతే బోళ్ళెవరు తోముతరు?” అంది గడపలో కూర్చున్న అత్త.

సత్తుపల్లి దగ్గర పుట్టింట్లో, నాట్లప్పుడు వరసంతటినీ నవ్వించేది నాంచారమ్మ. ఈ ఇంటికొచ్చిన కొత్తలో రెండు మాటలు ఎక్కువైతే నోరు పెద్దదన్నారు. మానేస్తే మూగదన్నారు. ఇప్పుడు ఆమె నోట వచ్చేవన్నీ భయాలే. బస్సు బోల్తా పడుతుందని, గోదావరి పొంగుతుందని, పాము కరుస్తుందని. వాటిని మాత్రం ఇంట్లో ఎవరూ కాదనరు. ఏదైనా వద్దనాలంటే అవే పనికొస్తాయి.

అన్నం దగ్గర జంపయ్య మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

“గాలి తీసేసి తేమ లేని గ్యాసు నింపే కొలిమి కొత్తగ వచ్చింది. దాని గొలుసుకు గూడ గీ పొడే పూసిన. పట్టేసింది. ఇంజినీరు నలుగుర్ల తిట్టిండు. గాలిల తేమ ఉంటేనే గిది జారుతదంట. లేకుంటే గీకుతదంట. అండ్ల ఇంకో పొడి పూయాలె, మాలిబ్డినం అంట. దానికేమో తేమే పడదు.”

“అయితే మన పొడి మంచిదేనా నాయినా?” అంది నిర్మల.

“మంచిదే బిడ్డా. జాగనే తప్పు. పొద్దటిసంది మేమందరం పొడినే తిట్టినం,” అని నవ్వాడు.

మారు వడ్డించబోయిన నాంచారమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. తనలోనే ఏదో పాడైందని ఇన్నేళ్ళూ అనుకుంది. ఆ మాట చెప్పుకునే మనిషైనా లేదు.

“ఏమే, హాస్టలు సంగతి,” అన్నాడు జంపయ్య. “తల్లి భయపడతాంది, సీటొద్దు అని రేపు బడి సారుకు చెప్త. గంతేనా?”

అత్త తలూపింది. నిర్మల కలిపిన ముద్ద కలిపినట్టే పట్టుకుని తల్లిని చూసింది. పిల్ల ఈమధ్య గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చింది, అచ్చం తనలాగే. బస్సూ, గోదావరీ, పామూ అన్నీ నాంచారమ్మ కళ్ళముందు మెదిలాయి. ఒక్కటీ పోలేదు. జంపయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

“భయమే,” అంది నాంచారమ్మ. “అది నాది, పిల్లది కాదు. సోమవారం నేనే తోల్కపోత.”