జిగురు ఆరేలోపు

పొద్దున్నే స్టూడియోకి రాగానే ఎర్సీలియా చేసే మొదటి పని మైదా జిగురు కాచడం. రెండోది పాత పేపర్లు చింపడం. చింపేటప్పుడు వార్తలు చదవదు, చదివితే చెయ్యి ఆగిపోతుంది. మధ్యాహ్నానికల్లా మంత్రుల ప్రసంగాలూ ఫుట్‌బాల్ స్కోర్లూ కలిసిపోయి ఓ కొండరాయి తయారవుతుంది. రోములో ఆ ఏళ్ళన్నీ పురాణాల సినిమాలే. గ్రీకు వీరుడన్నాక రాయి ఎత్తాలి, రాయి విసరాలి, స్తంభం కూల్చాలి. ఒంటికన్ను రాక్షసుల నెత్తిన పడ్డ కొండలన్నీ ఎర్సీలియా చేతివే. ఆమె పేరు మాత్రం ఏ తెర మీదా పడలేదు. గుర్రాలకి గడ్డి వేసినవాడి పేరు పడింది.

నిజానికి ఆమెకి కాగితంతో పనే లేదు. జిగురు చేత్తో దేన్ని తడిమినా సరే, తడిమినంత మేర, ఆ జిగురు ఆరేదాకా, దానికి బరువుండదు. పుట్టుకతో వచ్చిన గుణం అది. పేటలో ఎవరు ఇల్లు మారినా బీరువాలకి పూత పూయడానికి ఆమెనే పిలుస్తారు. చెక్క మీద మరక పడిందని సణుగుతూనే గిన్నెడు చిక్కుడుగింజల కూర పంపిస్తారు. స్టూడియో వాళ్ళే ఒప్పుకోలేదు. షాట్ మధ్యలో జిగురు ఆరితే నటుడు చస్తాడనీ, ఇన్సూరెన్సు రాదనీ.

ఆమె తేలిక చెయ్యనన్నది జీవితంలో ఒక్కటే. జనవరిలో భర్త కోసిమో పోయాడు. పద్నాలుగు సినిమాల్లో సైనికుడిగా చచ్చినవాడు, ఒక్కదాంట్లోనూ మొహం కనపడలేదు. ఎప్పుడూ ఎవడిదో డాలు అడ్డమొచ్చేది. వాళ్ళ ఇల్లు ఐదో అంతస్తు, ఇరుకు మెట్లు, నలుగురు పట్టడానికి చోటు లేదు. శవపేటిక పక్కన నిలబడి అందరూ ఆమె చేతుల వంక చూశారు. ఆమె చేతులు శాలువాలో దాచుకుంది.

"బతికినన్నాళ్ళూ ఆయన్నెవరూ లెక్కచెయ్యలేదు. పోయేటప్పుడైనా బరువుగా పోనివ్వండి" అంది.

నజరేనో ముందుకొచ్చాడు. ఒకప్పుడు కూరగాయల మార్కెట్లో మూటలు మోసినవాడు, ఇప్పుడు తెర మీద గ్రీకు వీరుడు. పేటికని వీపు మీద వేసుకుని ఐదంతస్తులూ దిగాడు. మూడో అంతస్తు మలుపులో అతని నడుం కలుక్కుమంది. ఆ చప్పుడు విన్నది వెనకాల దిగుతున్న ఎర్సీలియా ఒక్కతే.

జూలైలో మిలాన్ పత్రిక ఒకటి రాసింది, మన వీరులు ఎత్తేవన్నీ పాత పేపర్లేనని. నిర్మాత బొన్ఫాంతికి ఒళ్ళు మండింది. తివోలి రాతి గనిలో, విలేకరుల ఎదుట, నజరేనో చేత అసలు బండ ఎత్తిస్తానని ప్రకటించేశాడు. ఎత్తలేకపోతే? అమెరికా నుంచి ఓ కండలవాడు వచ్చి హోటల్లో దిగే ఉన్నాడు. రాబోయే మూడు సినిమాలూ వాడివి.

గనికి వెళ్ళే వ్యానులో ఎర్సీలియా అడిగింది, "నీ నడుం సంగతేంట్రా?"

"ఏ నడుం అక్కా?"

"పొద్దున నీ చెప్పుల తాళ్ళు నేను కట్టాను."

"వీరుడన్నాక దాసీలుంటారు కదా."

"పళ్ళు రాలగొడతాను. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

నజరేనో కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ రోజు మెట్ల మీద అడగలేదు. ఇప్పుడు ఏ మొహంతో అడగను?"

గనిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. మిలాన్ విలేకరి సుత్తి తెచ్చుకుని మరీ బండని కొట్టి చూశాడు. పెచ్చు ఎగిరి అతని బూటు మీదే పడింది. "రాయే" అన్నాడు, అదేదో తనకి జరిగిన అన్యాయంలా.

ఎర్సీలియా బకెట్టుతో ముందుకొచ్చింది. "దుమ్ము పట్టింది బాబూ, ఫోటోలో బాగుండదు" అంటూ రెండు చేతులా బండనంతా తడిమేసింది.

"అడుగున వదిలేశావమ్మా" అన్నాడు గని కూలీ ఒకడు. నలుగురు కలిసి గునపాలతో బండని కాస్త ఒరిగించి పట్టుకున్నారు. అడుగునా పూసింది.

నజరేనో వంగాడు. బండ దిండులా పైకి లేచింది.

"మొహం పెట్టరా! బరువుగా మొహం పెట్టు!" పళ్ళ మధ్య నుంచి గొణిగింది ఎర్సీలియా. వాడు మంచివాడే, నటనే రాదు.

కెమెరాలు టకటకమన్నాయి. విలేకరి నోరు తెరిచాడు. "ఆగండాగండి, రీలు మార్చాలి!" అని ఫోటోగ్రాఫరు సంచీలో వెతుక్కుంటున్నాడు. బండ అంచుల్లో జిగురు తెల్లబడుతోంది. నజరేనో మెడ నరాలు పైకి తేలాయి, మోకాళ్ళు వణికాయి. ఈసారి అది నటన కాదు.

"ఏం నటిస్తున్నాడు!" అన్నాడు విలేకరి.

ఫోటోగ్రాఫరు క్లిక్‌మనిపించీ అనిపించకముందే ఎర్సీలియా కేక పెట్టింది. "దించరా గాడిదా, పాస్తా చల్లారిపోతోంది!"

నజరేనో బండ వదిలేసి పక్కకి తప్పుకున్నాడు. బండ జానెడు లోతున నేలలోకి దిగబడింది.

ఆ సాయంత్రమే మూడు సినిమాలకీ సంతకాలయ్యాయి. నజరేనో తిన్నగా జిగురు గదికే వచ్చాడు. ఎర్సీలియా అతన్ని తిప్పి నిలబెట్టి, చొక్కా పైకి లాగి, వీపంతా జిగురు పూసింది. జనవరి తర్వాత మొదటిసారి అతను నిటారుగా నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"రోజూ పొద్దున్నే రా, పూస్తాను. నువ్వు చేసినదానికి ఇది ఏపాటిరా" అంది. మళ్ళీ గిన్నెలో చెయ్యి ముంచింది.

"చాలక్కా. ఎడమ పక్కన కొంచెం వదిలెయ్యి."

"నొప్పి అక్కడేగా ఉంది?"

"అది కోసిమో అన్న బరువు. మొత్తం తీసేస్తే ఆయన మళ్ళీ డాలు వెనక్కి పోతాడు."

 ఎర్సీలియా తడిగుడ్డ తీసి, ఎడమ నడుం మీద అరచేయంత మేర జిగురు తుడిచేసింది.

ఆ మూడింట్లో మొదటి సినిమాలో వీరుడు ఎడమ పక్కకి కాస్త ఒరిగి నడుస్తాడు. దేవతల శాపాన్ని మోసే మనిషి నడక అదేనని మిలాన్ పత్రిక మెచ్చుకుంది. పేట సినిమాహాల్లో మొదటి ఆట. పేర్లు పడుతున్నప్పుడు, నజరేనో పట్టుబట్టి వేయించిన "బండలు: ఎర్సీలియా" అన్న వరస కూడా వచ్చి పోయింది. ఆమె గుమ్మడి గింజలు ఒలుచుకుంటూ చూడనేలేదు. పాతాళ ద్వారం తెరుచుకుని, వీరుడు ఒరిగి ఒరిగి, తెర నిండా నడిచొస్తున్నప్పుడు మాత్రం పక్క సీటావిడ మోచెయ్యి పట్టుకుంది.

"అదుగో" అంది, "మా ఆయన."