దూది పరీక్ష

కూతురు ముఖం ముడతలకు ఆపరేషన్ చేయించుకుని అయిదు వారాలైంది. హోటల్ రిసెప్షన్‌లో పాతికేళ్ళుగా నవ్వుతున్న ఆ ముఖానికి ముడతలు పోయాయి గానీ, ఎడమ చెంపకు స్పర్శ కూడా పోయింది. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుందన్నాడు డాక్టరు. తల్లి "నెలలు" అన్నది వదిలేసి "నరాలు" అన్నది పట్టుకుంది. రోజూ పొద్దున్నే కూతురి చేత కళ్ళు మూయించి, ఆ చెంప మీద దూది రాసేది.

"తెలుస్తోందా తల్లీ?"

"తెలుస్తోందమ్మా."

వారం రోజులు ఇదే జవాబు విని తల్లి కాస్త కుదుటపడింది. ఎనిమిదో రోజు దూది డబ్బా మూత రాక కుస్తీ పడుతుండగానే, కళ్ళు మూసుకున్న కూతురు, "ఇవాళ ఇంకా బాగా తెలుస్తోందమ్మా" అంది.

తల్లి డబ్బా పక్కన పెట్టేసింది. "నేనింకా ముట్టుకోనేలేదు కదే."

"నువ్వు రాత్రిళ్ళు బెంగ లేకుండా నిద్రపోతావని అలా చెప్పాను. రెండు రోజుల నుంచి అక్కడ చీమలు పాకినట్టుంది. అది చెబితే అంబులెన్సు పిలుస్తావు."

తల్లి అంత పని చెయ్యలేదు. డాక్టరుకు ఫోన్ చేసింది.

"మంచిదేనమ్మా, నరాలు మేలుకుంటున్నాయి" అన్నాడాయన.

"మంచిదయితే కుడి చెంపకెందుకు రాలేదండీ?"

"కుడి చెంప బాగానే ఉందమ్మా."

తల్లి ఫోన్ పెట్టేసి కూతురి వైపు అనుమానంగా చూసింది. "ఆయన కూడా నన్ను నిద్రపుచ్చడానికే చెబుతున్నాడు" అంటూ దూది డబ్బా పట్టుకుని కుర్చీ కూతురి కుడి చెంప వైపుకు జరుపుకుంది.