చంద్రి చెయ్యి

గోరుచిక్కుడు కాయల ఈనెలు తీస్తుంటే మేఘన ఫోన్‌లోంచి ఆ మాట వినపడింది.

"ఆ కుంటిదాన్ని వదిలెయ్యవే. దాని మూలాన మళ్లీ ఓడిపోతాం."

అన్నది వినీల, మా అమ్మాయితో ఇంటర్ చదివే పిల్ల. నిరుడు నా దగ్గరే పదో తరగతి తెలుగు చదువుకుంది. ఫోన్ స్పీకర్‌లో ఉందనీ నేను పక్కనే ఉన్నాననీ తనకు తెలియదు. మేఘన నా ఎడమ కాలి వంక చూసి, "గేమ్‌లో పిల్లనమ్మా" అంది. నాది పోలియో కాలు. ఆ మాట నాకు కొత్త కాదు.

"ఏదీ, చూపించు" అన్నాను.

కొండ దాటి ఊరు చేరాల్సిన అయిదుగురి కథ అది. నలుగురిని పిల్లలు ఆడిస్తారు. అయిదో మనిషి చంద్రిని గేమే నడిపిస్తుంది. చేతికర్రతో, ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. చెక్క వంతెన దగ్గర ఆమె వెనకబడి చెయ్యి ఎత్తి ఊపుతుంది. మిగిలినవాళ్లు పరుగెత్తుతారు. సగంలో చెక్కలు విరిగి అందరూ పడిపోతారు.

"ఎందుకు ఊపుతోంది?"

"టాటా చెబుతోందమ్మా. నా కోసం ఆగొద్దు, మీరు వెళ్లండని. మేమే ఇంకా స్పీడుగా పరుగెత్తలేకపోతున్నాం."

"చంద్రి త్యాగశీలి, ఓర్పు గలది" అంది వినీల, నా గొంతు గుర్తుపట్టి, పరీక్షలో పాత్ర స్వభావం రాసినట్టు. "నమస్తే టీచర్. మీరున్నారని తెలీదు."

ఓర్పు. మా అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ అనే మాట అది. "కాలు అలా ఉందనే గానీ మా కోడలికి ఓర్పెక్కువమ్మా, ఒక్క పూట పని ఆపదు." బడి నుంచి వచ్చి నేను వంటగదిలో నిలబడి ఉంటే, కూర్చున్నచోటి నుంచి అంటుంది. ఆగస్టులో మా పుట్టింటి ఊరు వినగడపలో మా అమ్మ పోయిన రోజు కూడా అంది. ప్రార్థన అయ్యాక చర్చి గుడి నుంచి శవపెట్టె లేచింది. "నువ్వు ముందుంటే అందరూ ఆగిపోవాలి, వెనక రా" అన్నారు మా ఆయన. సరేనన్నాను. పొలాల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు చాలా దూరం వెళ్లిపోయారు. చెయ్యి ఎత్తి ఊపాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు, తల ఊపారు, ఇంకా వేగంగా నడిచారు. నేను చేరేటప్పటికి గుంట పూడ్చేశారు. అమ్మ మీద నా పిడికెడు మట్టి పడలేదు. "నువ్వే వెళ్లమని చెయ్యూపావుగా" అన్నారాయన ఆటోలో. చావింటికి వచ్చినవాళ్లకు భోజనాలు వడ్డించాల్సి ఉంది, జవాబు చెప్పలేదు. రేపు సమాధుల పండుగ. అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి వెళ్లాలి. రేపూ నన్ను వెనక రమ్మంటారు.

"మళ్లీ పెట్టు" అన్నాను మేఘనతో. "ఆ వేళ్లు చూడు. అరచెయ్యి కిందికి ఉంది, వేళ్లు తన వైపుకి ముడుస్తోంది. ఈ గేమ్ చేసినవాళ్లు ఎక్కడివాళ్లు?"

"హైదరాబాద్ వాళ్లే."

"మనవాళ్లు మనిషిని పిలిచేది ఎలా? వెళ్లమనడం లేదమ్మా. ఆగి తన దగ్గరికి రమ్మంటోంది."

"ఆగితే టైమ్ పోతుంది టీచర్" అంది వినీల.

"ఎప్పుడైనా ఆగి చూశారా?"

నలుగురూ వెనక్కి వెళ్లారు. చంద్రి మెల్లగా వాళ్లను దాటి వంతెన ఎక్కింది. కర్రతో ఒక్కో చెక్కనూ తట్టి, పుచ్చినదాన్ని వదిలి గట్టిదాని మీద అడుగేసింది. వాళ్లు అవే చెక్కల మీద నడిచారు. వంతెన ఊగింది గానీ తెగలేదు. అవతల కొండ మలుపులో దీపాలతో ఊరు కనపడింది. పిల్లలెవరూ అంతవరకు చూడని ఊరు. ఫోన్‌లో కేకలు, ఈలలు. నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఆమెకే దారి తెలుసు" అంది మేఘన.

"పాత్ర స్వభావం మార్చి రాయాలి టీచర్" అంది వినీల.

"ముందు పేరు సరిగ్గా రాయి. కుంటిది కాదు, చంద్రి."

"సారీ టీచర్."

మా ఆయన అప్పుడే వచ్చి బండి తాళాలు మేకుకు తగిలించారు. "రేపు నేనూ మా అమ్మా బండి మీద ముందెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. నువ్వు తీరిగ్గా ఆటోలో రా. నీకు కష్టమనే చెబుతున్నా."

"ఆ రోజు నేను వెళ్లమనలేదండీ" అన్నాను. "ఆగమన్నాను."

ఆయనకు ఏ రోజో అర్థమవడానికి కాసేపు పట్టింది. "అప్పుడే చెప్పాల్సింది" అన్నారు చివరికి.

"ఇప్పుడు చెబుతున్నాను. అందరం కలిసి ఆటోలో వెళదాం. గుడి దగ్గర దిగి నడుద్దాం. నేను ముందు."

మర్నాడు పొద్దున్నే వినగడపలో దిగాం. పొలం గట్టు మీదికి మొదట నేనే ఎక్కాను. నా వెనక మేఘన, ఆ వెనక ఆయన, చివర అత్తయ్య.

"ఇలాగైతే ఎంతసేపు పడుతుందే?" అంది అత్తయ్య.

"నేను చేరేంతసేపు పడుతుంది అత్తయ్యా."

వెనక ఎవరో గొణిగారు. నేను తిరిగి చూడలేదు. గట్టు సన్నం, రెండు వైపులా నీళ్లు. నన్ను దాటి పోవడానికి ఎవరికీ చోటు లేదు.