నలభై ఆరు గ్రాములు

శనివారం సాయంత్రం లచ్చయ్య అట్టపెట్టెను దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి ఇంటికి, మూడో అంతస్తుకు, మోసుకొచ్చాడు. లచ్చయ్యది చంపాపేట్. ఆటో నడుపుతాడు. తెనాలి నుంచి వచ్చిన భానుమూర్తి ఇరవై ఏళ్లు కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పాడు. ఆదివారాలు రిమోట్‌తో విమానాలు ఎగరేస్తాడు. లచ్చయ్య కూతురు సంతోషి ఆయన దగ్గర చదువుకుంది. విమానం కట్టడమూ ఆయన దగ్గరే నేర్చుకుంది.

పెట్టెలో ఉన్నది ఆమె ఫోమ్‌తో కట్టిన విమానం. ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు నూట ఇరవై సెంటీమీటర్లు. తోక అతికించింది, మోటారు బిగించింది, వైర్లు కలిపింది. ఎగరేయలేదు. నిరుడు అక్టోబరులో డెంగ్యూ వచ్చి, తొమ్మిది రోజులు దవాఖానాలో ఉండి చనిపోయింది. అప్పటికి పంతొమ్మిదేళ్లు. తిథి ప్రకారం ఏడాది అన్నం పదకొండు రోజుల కిందట పెట్టారు. తేదీ ప్రకారం ఏడాది రేపు.

"రేపు ఎగరేద్దాం సార్" అన్నాడు లచ్చయ్య. "మా ఇంటామె ఒద్దన్నది. పడితే బిడ్డ చేతిది గిదొక్కటి గూడ మిగలదన్నది. కట్టింది ఎగరకుంట అటక మీద పడుంటె ఎట్ల అని నేనన్న."

"మరి ఒప్పుకున్నారా ఆవిడ?"

"ఒస్త అన్నది. ఒప్పుకున్నట్టో కాదో నాకు తెల్వది."

"పడదని నేను మాటివ్వలేను లచ్చయ్యగారూ. పడకుండా చూడాల్సినవన్నీ చూస్తాను."

భానుమూర్తి ముందుగా ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టాడు. గదిలో మోటారు పొరపాటున తిరిగితే వేళ్లు తెగుతాయి. రెండు రెక్కలను కార్బన్ కడ్డీ మీదికి తోసి, నాలుగు స్క్రూలు బిగించాడు. రిమోట్ ఆన్ చేసిన తర్వాతే విమానంలో బ్యాటరీ కలిపాడు. రిమోట్ మీది పుల్ల కుడికి నెట్టాడు. కుడి రెక్క వెనుక అంచు పైకి లేచింది, ఎడమది కిందికి దిగింది. అలాగే ఉండాలి. ప్రతి వైరుకూ టేపు చుట్టి ఉంది. టేపు మీద సంతోషి రాసిన కుడి, ఎడమ, తోక అనే మాటలున్నాయి. భానుమూర్తి ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఏదీ ఊడలేదు.

"ఫిట్‌నెస్‌కు పోతే మా ఆటోను గూడ ఇంతగనం సూడరు సార్" అన్నాడు లచ్చయ్య.

"ఆటో ఆగిపోతే పక్కకు తోసుకోవచ్చు కదండీ."

చివరగా భానుమూర్తి విమానాన్ని రెండు చూపుడు వేళ్ల మీద నిలబెట్టాడు. రెక్కల కింద బాల్‌పెన్నుతో పెట్టిన రెండు చుక్కలున్నాయి. బరువు అక్కడ సరిపోవాలి. తోక బరువైతే విమానం లేస్తుంది కానీ, మన మాట వినదు. వేళ్లు చుక్కల మీద ఆనించాడు. విమానం ముందుకూ వాలలేదు, వెనక్కూ వాలలేదు.

"బాగా కట్టింది" అన్నాడు. లచ్చయ్య కిటికీ వైపు తిరిగాడు.

బ్యాటరీ, రిమోట్ భానుమూర్తి తన దగ్గరే ఉంచుకున్నాడు. విమానాన్ని లచ్చయ్య ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య అండాలమ్మ ఒకసారి చూస్తానన్నది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ముగ్గురూ ఆటోలో హయత్‌నగర్ దాటి, ఇళ్లు కట్టని ప్లాట్ల దగ్గరకు చేరారు. అక్కడ ఎగరేయడానికి భానుమూర్తి స్థలం యజమానిని ముందే అడిగి ఉంచాడు. విమానం ముక్కు మీద పసుపు, కుంకుమ బొట్టు కనిపించాయి. లచ్చయ్య కొన్న ప్రతి బండికీ అండాలమ్మ మొదటి రోజు బొట్టు పెడుతుంది. భానుమూర్తి బ్యాటరీ పెట్టి, విమానాన్ని మళ్లీ వేళ్ల మీద నిలబెట్టాడు. తోక కిందికి పడింది.

ఇంకోసారి పెట్టాడు. మళ్లీ పడింది.

"నిన్న సరిపోయింది కదండీ. ఏమైనా మార్చారా?"

"నేను ముట్టలే సార్."

భానుమూర్తి మూత తీసి, బ్యాటరీ వెనుక సందులోకి చేయి పెట్టాడు. పసుపు గుడ్డ మూట చేతికొచ్చింది. జేబులోంచి చిన్న తూకం మిషన్ తీసి, దాని మీద పెట్టి చూశాడు. నలభై ఆరు గ్రాములు.

"ఏందే ఇది?" అన్నాడు లచ్చయ్య.

"ముడుపు" అన్నది అండాలమ్మ.

"ఇమానానికి ముడుపేందే?"

"ఇమానానిది కాదు, సంతోషి నాయినా. దవాఖానల కట్టిన. బిడ్డ ఇంటికి తిరిగొస్తె గుట్టకు ఒస్తనని నర్సింహసామికి మొక్కిన." ఆమె మూట ముడి తడిమింది. "రాలే. రాంది హుండీల ఎట్ల ఎయ్యాలె? మొక్కి కట్టింది ఎట్ల ఇప్పాలె? ఏడాది సంది బియ్యం డబ్బల ఉన్నది. రాత్రి దీంట్ల పెట్టిన."

లచ్చయ్యకు ఈ సంగతి తెలియదు. అతను చెయ్యి చాచాడు. "ఇయ్యి సార్. పట్టుకుంట."

"పోతే దానితోనే పోవాలె" అన్నది అండాలమ్మ. "లేకుంటె ఒద్దు."

భానుమూర్తి మూటను విమానం ముక్కు దగ్గరికి తెచ్చి చూశాడు. "వెనక ఉంటే మాత్రం పడిపోతుందమ్మా. ముందు పెడితే మీకు అభ్యంతరమా?"

"సామిది. ముందుంటె మంచిదే."

మూటను ముక్కులోకి తోసి, కదలకుండా టేపు వేశాడు. దాని బరువుకు తగ్గట్టు బ్యాటరీని వెనక్కి జరిపాడు. ఐదుసార్లు జరిపాక, విమానం చుక్కల మీద నిలిచింది. ప్రొపెల్లర్ బిగించి, ఇద్దరినీ వెనక్కి రమ్మన్నాడు. దూరానికి అందుతుందో లేదో చూడడానికి రిమోట్ సిగ్నల్ తగ్గించి పెట్టి, ముప్పై అడుగులు నడిచి వెళ్లి పుల్ల కదిపాడు. రెక్కల అంచులు కదిలాయి. తిరిగొచ్చి సిగ్నల్ మామూలుగా పెట్టాడు.

"గాలికి ఎదురుగా, నేలకు సమంగా విసరండి. పైకి విసరకండి. మీ చెయ్యి ప్రొపెల్లర్‌కు వెనకే ఉండాలి."

లచ్చయ్య విసిరాడు. విమానం రెండడుగులు దిగి, లేచింది.

నాలుగు నిమిషాలు ఎగిరింది. లచ్చయ్య తల ఎత్తే ఉంచాడు. అండాలమ్మ పైకి చూడలేదు. నేల మీద నీడ ఎటు పోతే అటు చూసింది. నీడ ఆమె కాళ్ల మీదుగా రెండుసార్లు పోయింది. సంతోషి ఈ విమానానికని అప్పట్లో పెట్టిన టైమరు రిమోట్‌లో మోగింది. భానుమూర్తి మోటారు ఆపి, విమానాన్ని గడ్డిలోకి దింపాడు. ముందు బ్యాటరీ తీశాడు. తర్వాత రెక్కలు, తోక తడిమి చూశాడు. ఎక్కడా పగుళ్లు లేవు.

"ఏం కాలేదమ్మా" అని ముడుపు ఆమె చేతికిచ్చాడు. "ఇంకో బ్యాటరీ ఉంది. మళ్లీ వేద్దామా?"

"చాలు సార్" అన్నది.

భానుమూర్తి మెట్రో ఎక్కుతానని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు ముందే దిగాడు. వెనుక సీట్లో అండాలమ్మ విమానాన్ని ఒళ్లో పెట్టుకుంది. ముడుపు పిడికిట్లో ఉంది. చౌరస్తాలో ఎర్ర లైటు దగ్గర ఆటో ఆగింది. ఎడమకు తిరిగితే చంపాపేట్. కుడికి తిరిగితే ఉప్పల్, అక్కడి నుంచి నర్సింహసామి గుట్టకు దారి.

లచ్చయ్య అద్దంలో చూశాడు. "పెయ్యికి దెబ్బ తాకకుంట తిరిగొచ్చింది కదనే. గుట్టకు పోదామా? ముడుపు చెల్లిద్దాం."

ఆమె పిడికిలి విప్పి, మూటను చూసి, మళ్లీ మూసింది.

"ఇమానం ఒచ్చింది" అన్నది. "నేను మొక్కింది ఇమానానికా?"

సిగ్నల్ పడింది. వెనక బండ్లు హారన్ కొట్టాయి. లచ్చయ్య ఎడమకు తిప్పాడు.

ఇంటికొచ్చాక ఆమె ముడుపుతో వెళ్లి బియ్యం డబ్బా మూత తీసింది.