వెచ్చబడే పట్టీ

హలో, అందరికీ వినబడుతోందా? భోజనాలయ్యాయా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. మా చెల్లెలి సంగతి. తను చెప్పమంది కాబట్టే చెబుతున్నా, తన మాటల్లోనే.

అన్నయ్యా, ఆ సాయంత్రం గిన్నెలు తోముతున్నాను. నడుముకి ఆఫీసు వాళ్ల పట్టీ ఉంది. మా కంపెనీ కొత్తగా తయారుచేస్తోంది. ఊపిరి బిగిస్తే అది కనిపెట్టి మెల్లగా వెచ్చబడుతుంది, చంటిపిల్ల వీపు నిమిరినట్టు. ఒళ్లు వదులవుతుంది. దాన్ని కట్టుకుని తిరిగి, ఒంట్లో ఎక్కడ ఏమనిపించిందో చెప్పడమే నా ఉద్యోగం. పొద్దున్నే ఆఫీసులో చాప మీద పడుకోబెట్టి, కళ్లు మూయించి, "మెడ ఏమంటోంది? కడుపు ఏమంటోంది?" అని అడుగుతారు. పెళ్లయ్యాక ఏం వండావని అడిగారే గాని, నా కడుపు ఏమంటోందని ఎవరడిగారు? "పడుకున్నందుకు జీతమా! నాకూ ఇప్పించవే అమ్మాయ్" అని అత్తగారు. "నీకేం, మహారాణివి" అని మా ఆయన.

గేటు చప్పుడైంది. పట్టీ వెచ్చబడింది. ఆయన మెట్లెక్కుతుంటే ఇంకా వెచ్చబడింది. ఇదివరకు ఆ అడుగులకి చేతిలో గిన్నె జారేది. ఈసారి జారలేదు.

ఆయన వంటింట్లోకొచ్చి నవ్వారు. "ఈమధ్య బాగా మెత్తబడ్డావే! ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ పట్టీ తీయకు." తలుపు గడియ పెట్టారు. గోడవైపు జరగాలని కూడా తోచలేదు నాకు. చెంప ఛెళ్లుమంది. నడుము మాత్రం హాయిగానే ఉంది.

మర్నాడు చాప మీద, ఆయనొచ్చినా గిన్నె జారలేదని చెప్పాను. పట్టీ డిజైన్ చేసే అమ్మాయి మురిసిపోయింది. "సూపర్ అక్కా! ఇంట్లో కూడా పనిచేస్తోందన్నమాట!"

లేచి కూర్చుని చెంప చూపించాను. "పనిచేస్తోంది తల్లీ. ముందైతే ఆ అడుగులు వినగానే పారిపొమ్మని ఒళ్లే చెప్పేది. మా పాపనెత్తుకుని పక్కింటికి పోయేదాన్ని. మీ పట్టీ దాని నోరు నొక్కేసింది."

ఆ పిల్ల, "ఇప్పుడు పట్టీ తయారీ ఆపమంటే మా సార్ ఒప్పుకోరక్కా" అంది గొణుగుతూ.

పట్టీ విప్పి ఆమె ఒళ్లో పెట్టాను. కాళ్లు వణికాయి. వణకనిచ్చాను. ఆ వణుకుతోనే బడికెళ్లి పాపని తీసుకుని, ఇంటివైపు తిరగకుండా నీ దగ్గరికొచ్చేశాను అన్నయ్యా.

అదండీ సంగతి. ఆ పట్టీ వచ్చే నెల బజారులోకొస్తోంది, 'మీ ఆవిడకి కానుకగా ఇవ్వండి' అన్న ప్రకటనతో. ఈ కథ మీకు తెలిసిన ఆడవాళ్లందరికీ పంపండి. వాళ్ల ఫోను ఇంకెవరైనా చూస్తారని అనుమానముంటే మాత్రం పంపకండి. వెళ్లి, పక్కన కూర్చుని, చిన్నగా మీరే చెప్పండి.